తప్పు జవాబులో మధ్యాహ్న భోజనం

ఎండాకాలంలో బయట తినాలనుకున్న మామూలు మనుషులు ముందు ఏం తినాలో ఆలోచిస్తారు. ఢిల్లీలో కోచింగ్ సెంటర్ల పేట ముఖర్జీ నగర్‌లో మేం ముందు తప్పు జవాబులు కొట్టేసేవాళ్ళం. ఇందులో వింతేమీ లేదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

రూములో ముగ్గురం. కాకినాడ నుంచి నేను, కర్నూలు నుంచి నాకంటే చిన్నదొకతె, కరీంనగర్ నుంచి అక్క. సొంత అక్క కాదు. మేం వచ్చేసరికే ఆ రూములో పాతబడిపోయిన మనిషి. మాకు జ్వరమొస్తే గంజి కాచింది, ఇంటిమీద బెంగ పడితే తిట్టి మరీ అన్నం తినిపించింది. సివిల్స్ రాయడానికి ఆమెకున్న అవకాశాలన్నీ ఆ ఏటితో అయిపోయాయి. ఆఖరి ఫలితాల్లోనూ ఆమె పేరు లేదు. పుస్తకాలన్నీ కింది అంతస్తు అమ్మాయిలకు పంచేసి, ఊరికి వెళ్ళిపోవడానికి సాయంత్రం రైలుకు టికెట్ తీసుకుంది.

అన్నేళ్ళలో ఆమె రూముకొచ్చే డబ్బా భోజనం తప్ప ఎరగదు. మా రూము సరిగ్గా డాబా కింద. జూన్‌లో కుళాయి తిప్పితే కాగిన నీళ్ళొచ్చేవి, కూలర్ పెడితే ఉడకబెట్టిన తువ్వాలు మొహానేసినట్టుండేది. వెళ్ళేముందు ఏం కావాలక్కా అని అడిగితే, “సలి పుట్టేదాకా ఏసీల కూసోని తినాలె,” అంది. అంతే అడిగింది. ఆ మాత్రం తీర్చలేకపోతే మేం ఆమె చేతి గంజి తాగింది ఎందుకని నాకు ఒళ్ళు మండింది.

అందుకని పొద్దున్నే హోటల్ వెతకడానికి ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. మాకు కోచింగ్‌లో నూరిపోసిన సూత్రం ఒకటుంది. ప్రిలిమ్స్‌లో ఏ వాక్యంలోనైనా ‘మాత్రమే’, ‘అన్నీ’, ‘ఎల్లప్పుడూ’ లాంటి గట్టి మాట కనిపిస్తే ఆ వాక్యం చాలావరకు తప్పు. కళ్ళు మూసుకుని కొట్టెయ్యొచ్చు. నిజమైన వాక్యం కాస్త నసుగుతుంది. ‘కొంతమేరకు’ అంటుంది, ‘సాధారణంగా’ అంటుంది. మేం దాన్ని హోటళ్ళ ప్రకటనలకి వర్తింపజేశాం. రోజంతా ఏసీ అన్నవాడిని ‘అంతా’ అన్నందుకు కొట్టేశాం. అన్ని రకాల వంటలూ దొరుకుతాయన్న గుర్‌గావ్ హోటల్ ఆ ‘అన్ని’ దగ్గరే పోయింది. డాబా మీద నీటి తుంపర్ల ఫ్యాన్లు పెట్టి ఎప్పుడూ చల్లగా ఉంచుతానన్నవాడు ‘ఎప్పుడూ’ అని చెడ్డాడు. ఇలా మంచి మంచి హోటళ్ళన్నీ ఊడ్చుకుపోతుంటే మాకు భలే ఉత్సాహంగా ఉంది, పరీక్షలో ఎప్పుడూ అంత ధైర్యంగా కొట్టెయ్యలేదు మరి.

చివరికి ఒక్కటి మిగిలింది. కన్నాట్ ప్లేస్ వెనక సందులో ఉంది. ‘భోజనం ఫర్వాలేదు, ఏసీ సాధారణంగా పనిచేస్తుంది’ అని దాని యజమానే రాసుకున్నాడు. కర్నూలు పిల్ల ఇదే జవాబని ఒట్టేసి చెప్పింది. నేనూ ఒప్పుకున్నాను. అక్క సంచీలు సర్దుకుంది. అక్కణ్ణుంచి రైల్వే స్టేషన్ దగ్గరే కాబట్టి సామానంతా మోసుకుని మెట్రో ఎక్కాం. మెట్రోలో హాయిగా చల్లగా ఉంది. ఇక్కడే తినేస్తే పోలేదా అంది అక్క. మెట్రోలో తినకూడదన్న నిబంధన గురించి మేం ఆమెకు చిన్న ఉపన్యాసం ఇచ్చాం.

హోటల్లో ఏసీ మీద దుప్పటి కప్పి ఉంది. చెడిపోయి వారమైందట. యజమాని ఏమాత్రం నొచ్చుకోలేదు. సాధారణంగా పనిచేస్తుందనే కదా రాశాను, ఎప్పుడూ పనిచేస్తుందని రాయలేదు కదా అన్నాడు. కర్నూలు పిల్ల మొహం వెలిగిపోయింది. మన జవాబు కరెక్టే అక్కా అంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకూ సంతోషమే వేసింది. ఇద్దరం ముచ్చెమటలు పోస్తుండగా ఒకళ్ళనొకళ్ళు అభినందించుకున్నాం.

అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సంచీ భుజానేసుకుని బయటికి నడిచింది. ఎదురుగా ఇంకో హోటల్ ఉంది. ఢిల్లీ మొత్తంలో అసలైన చల్లదనం ఎల్లప్పుడూ మా దగ్గర మాత్రమే అని వాడి బోర్డు. అక్క నేరుగా అటు పోతుంటే కర్నూలు పిల్ల వెనక పరిగెత్తింది.

“అక్కా, ఆ బోర్డు చూడు, ‘మొత్తం’ ఉంది, ‘ఎల్లప్పుడూ’ ఉంది, ‘మాత్రమే’ కూడా ఉండాది. ఇంత తప్పు వాక్యం నేనెప్పుడూ చూళ్ళేదు.”

“తప్పైతే ఏమైతది?” అంది అక్క తలుపు తోస్తూ. “ఇంక నాకు మార్కులు కోసేటోడెవడున్నడు?”

మేం సామాను ఈడ్చుకుంటూ ఆమె వెనకే లోపలికి వెళ్ళాం.

తప్పు జవాబులకి మార్కులు కోస్తారని, తెలియని ప్రశ్నని ఖాళీగా వదిలేసే మనిషి అక్క. ఆ ఖాళీలే ఆమెను ముంచాయని కోచింగ్‌లో అనేవాళ్ళు. ఆ రోజు మెనూ చదవను కూడా చదవకుండా ఒకచోట వేలు పెట్టి ఇదే తెమ్మంది. పెద్ద గిన్నెడు పైనాపిల్ రాయతా వచ్చింది. అన్నం లేదు, రొట్టె లేదు, పెరుగులో తియ్యటి ముక్కలు. పక్కన ఇంకేమైనా చెప్పుకుందామంటే వద్దంది. మేం నాన్‌లూ పప్పూ తింటుంటే ఆమె స్పూనుతో ఆ గిన్నె అంతా ఖాళీ చేసింది.

ఏసీ గాలి సరిగ్గా మా నెత్తిమీద. వాడి బోర్డులో అక్షరం కూడా తప్పు లేదు. కాసేపటికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. కర్నూలు పిల్ల చున్నీ తలకు చుట్టేసుకుంది. అక్క చేతులమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పెదవులు వణుకుతున్నాయి, కళ్ళనిండా నీళ్ళు. చలికా ఏడుపుకా అని అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

“ఇంటికి పోయి ఏం జేస్తవని అందరు అడుగుతున్నరు,” అంది. “నాకు తెల్వదే. నిజంగ తెల్వదు. ఇప్పుడైతే మంచిగ సలి పెడుతున్నది.”

నాకు దుఃఖం ఆగలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నాను. బిల్లు తెచ్చిన భయ్యా మా అవతారాలు చూసి భయపడ్డట్టున్నాడు, ఏసీ కట్టెయ్యమంటారా అని అడిగాడు.

ముగ్గురం ఒకేసారి వద్దన్నాం.