ఎర్రనీటికి ముందు నాచు తాళ్లు

ఎర్రనీరు, అంటే గోదావరి తొలి వరద, వస్తోందన్న కబురు నాకు మొదట తెచ్చింది చేపలమ్మే పిన్ని. గంప దించకుండానే అంది: "మీ తోడికోడలు గారికి చెప్పండమ్మా. మధ్యాహ్నానికల్లా మొగలోకి దిగిపోద్దండి."

తెల్లవారుతూనే నేను గోదావరికి పసుపు కుంకుమ సమర్పించి వచ్చాను. కొత్తనీరు చేలకు ఒండ్రు తెస్తుందని ఏటా దణ్ణం పెట్టుకుంటాను. ఈ ఏడు మాత్రం మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే ఆవిడ, కాట్రేనికోన దిగువన, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఉప్పునీటిలో వెదురు తెప్పలు కట్టి, తాళ్లకు సముద్రపు నాచు వేలాడదీసింది. మంచినీరు తగిలితే అది కుళ్లిపోతుంది. వానలు ముందే పడ్డాయి. కోతకు ఇంకా కొద్దిరోజులుంది.

నాచు సాగు శిక్షణలో అక్కా వాళ్లకు ఫోనులో జెయింట్ కెల్ప్ చూపించారట. చలిసముద్రాల్లో కొబ్బరిచెట్లను మించి పెరిగే నాచు. దాని నీడన చేపలు, పీతలు కాపురముంటాయట. దాని జిగురు ఐస్‌క్రీముల్లో వేస్తారట. మాది జానెడే. అయినా దాని సందుల్లో రొయ్యపిల్లలు దాక్కోవడం నేను చూశాను. దాని రసం వరిచేలపై చల్లుతారు కూడా.

పరుగున వెళ్లి చెబితే అక్క నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వే కదే, పొద్దున్నే పసుపు కుంకుమ ఇచ్చి పిలిచేవు. ఇప్పుడు కాస్త నెమ్మదిగా రమ్మను."

"గోదారమ్మని అలా అనకూడదక్కా."

"అననులే. కొంగు బిగించు, పద."

మంచినీరు తగిలేలోపే నాచు ఒడ్డుకు లాగేద్దామని నడుం లోతు నీళ్లలో దిగాం. తాళ్లు చేతుల్లోంచి జారిపోతున్నాయి. స్తోత్రం మొదలుపెట్టి, ఎక్కడున్నానో మరిచిపోయి, మళ్లీ మొదటికి వస్తున్నాను. చేలకు రమ్మని వేడుకోవాలా, ఇటు రావద్దనా? ఎగువన నీటి రంగు మారింది. అప్పుడు అక్క తన తెప్ప వదిలి పక్క తెప్ప దగ్గరకు వెళ్లింది. అది పురిటికి పుట్టింటికి వెళ్లిన అమ్మాయిది.

"అక్కా, మనది సగం కూడా అవలేదు."

"ఆయ్, తెలుసు. ఆ పిల్ల చంటిబిడ్డనెత్తుకొచ్చి ఉత్త తాళ్లు చూడాలా? ఇటు పట్టు."

ఆ అమ్మాయి నాచంతా గట్టెక్కింది. అక్కది సగానికి పైగా నీళ్లలోనే తెల్లబడి, మెత్తబడి, రాలిపోయింది.

చేలు పచ్చగా ఉన్నాయి. అందుకు గోదావరికి నా కృతజ్ఞత తగ్గలేదు. కానీ మనసు కుదురుగా లేదు. రోజూ వెళ్లి ఆ నీటిని నాలుకపై వేసుకుంటున్నాను. ఉప్పు ఇంకా తిరిగి రాలేదు. మళ్లీ నాచు కట్టడానికి అక్క కాచుకుని కూర్చుంది. మీరు దీపం పెట్టుకునేటప్పుడు ఆవిడను ఒక్కసారి తలచుకోండి.