ఆరో ప్రశ్నకి జ్ఞానమ్మ జవాబు

చోడవరంలో ఒక చిన్న బడిలో పంతొమ్మిదేళ్లుగా రెండో తరగతి చెబుతున్న సత్యరాజు మాస్టారికి ఒక్కటే గర్వం. ఇనస్పెక్టరు వచ్చిన ఏ ఏడూ ఆయన పిల్లల్లో ఒక్కడు కూడా నోరు వెళ్లబెట్టలేదు. వెళ్లబెట్టనిస్తే కదా! తనిఖీ కబురు అందిన రోజు నుంచే ప్రశ్నలూ జవాబులూ వల్లె వేయించేసేవాడు. గోదావరి ఎటువైపు ఉందో తెలియని గుంటడు కూడా అది ఎక్కడ పుట్టిందో గడగడా చెప్పేవాడు. ఇనస్పెక్టరు సంతకం పెట్టి, కాఫీ తాగి వెళ్లిపోయేవాడు.

1955 మార్చిలో మాస్టారిని వెతుక్కుంటూ గణపతిరావు అనే ఆయన సైకిల్ మీద వచ్చాడు. రాజనీతిశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడట. మొన్న ఫిబ్రవరిలో జరిగిన ఎన్నికల్లో మామూలు జనం ఓటు ఎలా వేశారన్నది అతని థీసిస్. వీధిలో నలభై మందిని పోగుచేసి పెడితే చాలన్నాడు.

"ముందుమాటలో మీ పేరు వేస్తానండి, మాస్టారూ" అని, ప్రశ్నల కాగితం ఒకటి చేతిలో పెట్టి, ఆదివారం వస్తానని చెప్పి వెళ్లాడు.

అచ్చులో తన పేరు! మాస్టారికి ఆ పూట అన్నం సహించలేదు. భార్య జ్ఞానమ్మకి ఆ మాట మూడుసార్లు చెప్పాడు. ఆమె మూడుసార్లూ తలూపింది.

కాగితంలో ఆరు ప్రశ్నలున్నాయి. మొదటి అయిదూ పేరూ, వయసూ, పనీ లాంటివి. ఆరోదే గట్టిది. "ఓటు ఎవరికి వెయ్యాలో మీకు ఎవరు చెప్పారు?" ఇది ఏ పాఠంలోదో మాస్టారికి అంతుపట్టలేదు. ఆలోచించి ఆలోచించి, వీధి పరువు నిలబెట్టే జవాబొకటి తయారు చేశాడు. శనివారం లోపల ఇల్లిల్లూ తిరిగి అందరి చేతా వల్లె వేయించాడు. ఇంట్లో జ్ఞానమ్మ చేత కూడా.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక బడి వసారాలో గణపతిరావు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాడు. బెల్లం వండే పరదేశి చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"ఎవులూ సెప్పలేదండి. నా సొంత ఆలోచనతో ఏసేనండి."

తర్వాత వచ్చిన సన్యాసమ్మ కూడా అంతే. జ్ఞానమ్మా అంతే. పన్నెండో మనిషి దగ్గర గణపతిరావు పెన్సిల్ ఆగింది. అయినా పాపం, నలభై మందినీ పూర్తి చేశాడు.

"మాస్టారూ, ఏమిటండీ ఇది? అందరి నోటా ఒకటే మాట!"

"ఎక్కడా తప్పు పోలేదు కదండీ?" అన్నాడు మాస్టారు, మొహం వెలిగిపోతుండగా.

గణపతిరావు తల పట్టుకున్నాడు. "ఇది పరీక్ష కాదండీ. ఇందులో ఒప్పూ తప్పూ ఉండవు. నాకు నిజం కావాలి. వచ్చే ఆదివారం మళ్లీ అడుగుతాను. అప్పుడూ ఇలాగే అయితే మీ వీధిని వదిలేసి వేరే ఊరు చూసుకోవాలి."

ఒప్పూ తప్పూ లేకపోతే పాసయిందెవరు? మాస్టారికి బుర్ర తిరిగిపోయింది. పేరు అచ్చులో పడకముందే కొట్టివేతకు వచ్చింది. పంతొమ్మిదేళ్లలో ఎందరికో నేర్పాడు గానీ, నేర్పింది మర్చిపొమ్మని ఎవరికీ చెప్పి ఎరగడు. మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు.

"మొన్నటిది తప్పా మాస్టారూ? మరిప్పుడు ఏటి సెప్పమంతారు?" అన్నాడు పరదేశి, బెల్లం పెనం దగ్గర చెమట తుడుచుకుంటూ.

"నీ మనసులో ఉన్నది చెప్పరా బాబూ."

"నా మనసులో ఇప్పుడు మీరు సెప్పిందే ఉందండి."

రెండో ఆదివారం జవాబులు తలో దారీ పట్టాయి. ఒకడు మావగారన్నాడు, ఒకడు ఊరి పెద్దలన్నాడు, పరదేశి చాలాసేపు ఆకాశం చూసి తెలీదన్నాడు. తలుపు పక్కన నిలబడి వింటున్న మాస్టారి ప్రాణం కాస్త కుదుటపడింది. జ్ఞానమ్మ వంతు వచ్చింది. ఆమె గురించి ఆయనకు బెంగ లేదు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె చొప్పున తెర వెనక పెట్టేవారు. ఓట్ల రోజున పోలింగు గది గుమ్మం దాకా తీసుకెళ్లి, ఏ పెట్టెలో వెయ్యాలో తనే చెప్పాడు మరి.

"ఎవులూ సెప్పలేదండి. నా సొంత ఆలోచనతో ఏసేను" అంది జ్ఞానమ్మ.

మాస్టారు లోపలికి దూసుకొచ్చాడు. "అది కాదే! నిజం చెప్పమన్నాను కదా! నేను చెప్పలేదూ నీకు?"

"సెప్పేరు, ఇన్నాను. లోపల తెరెనక మీరు లేరు కదా" అంది ఆమె నెమ్మదిగా. గణపతిరావు వైపు తిరిగి, "అప్పుడు సెప్పింది మా ఆయన నేర్పిన మాటండి, బాబూ. ఇప్పుడు సెప్పింది నాది" అంది.

గణపతిరావు పాత కాగితాల కట్ట తీసి చూశాడు. ఆ నలభైలో ఇలాంటివి ఎన్నున్నాయో! ఏ కట్ట పారెయ్యాలో, ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేక రెండూ సైకిల్‌కి కట్టుకుని వెళ్లిపోయాడు. ముందుమాట సంగతి అతను ఎత్తలేదు. మాస్టారికీ గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి విస్తరి ముందు కూర్చున్నాక మాస్టారు ఉండబట్టలేక అడిగాడు.

"ఇంతకీ ఏ పెట్టెలో వేశావు?"

"ఆ బాబే అడగలేదు" అంది జ్ఞానమ్మ, కూర వడ్డిస్తూ.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమెకు చెప్పడమే గానీ, ఆమెను అడగడం తనకు ఇదే మొదలని మాస్టారికి అప్పుడు తట్టింది. సిగ్గేసింది. ఎదురుగా ఉన్న మనిషి కొత్తగా కనిపించింది, కొంచెం భయం కూడా వేసింది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది జ్ఞానమ్మ.

మాస్టారు ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నిజంగానే రుచి చూశాడు.