గోపనీ సాబ్ కోసం

కనకం పిన్ని భర్త పైడిరాజు రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. 1986లో ఒక శనివారం షంటింగు జరుగుతుండగా రెండు వ్యాగన్ల మధ్య నలిగి చనిపోయాడు. విచారణ జరిగింది. తాగి డ్యూటీకి వచ్చాడని రాశారట. 'రాశారట' అనడమే తప్ప ఆ రిపోర్టును కళ్లారా చూసినవాళ్లు మా రైల్వే కాలనీ లాల్‌ఖదాన్‌లో ఒక్కరూ లేరు.

"తాగడని నాను అనను పాపా. తాగుతాడు. శనోరం మాత్రం ముట్టడు, ఒంటిపూట తినీవోడు. ఆ కాయితంలో ఏటి రాసినారో, ఎవులు సూసి సెప్పినారో సదివి ఇనిపించు, సాలు," అనేది పిన్ని.

మాది పక్క క్వార్టర్. ఆమెకు హిందీలో అర్జీ రాసిపెట్టి, మొదటిసారి ఆఫీసుకు వెంట వెళ్లాను. గుమాస్తా తలెత్తకుండానే, "రిపోర్ట్ గోపనీయ్ హై, బాయీ" అన్నాడు. పిన్ని దండం పెట్టి బయటికి వచ్చింది.

"గోపనీ సాబ్ దగ్గరుందట. గుజరాతీ ఆయనేమో. మంచోడైతే ఇవ్వడేటి?"

బజారు హిందీ ఆమెకు బాగా వచ్చు. ఆఫీసు హిందీ రాదు. గోపనీయ్ అంటే రహస్యమని చెప్పబోయాను. ఆమె ముఖంలో ఆశ చూసి ఊరుకున్నాను.

తర్వాత ప్రతి సోమవారం ఒక్కతే వెళ్లేది. గోపనీ సాబ్ ఉన్నారా అని అడిగితే ప్యూన్లు ఒకరినొకరు చూసుకుని, "టూర్ పర్ హై" అనేవారు. ఒకసారి దగ్గర్లోని కోటా వెళ్లాడన్నారు. ఆమె రైలెక్కి వెళ్లి, కోటా స్టేషన్‌లో సాయంత్రం దాకా కూర్చుని తిరిగి వచ్చింది.

రెండేళ్లకు జవాబు వచ్చింది. మూడే వరుసలు. రిపోర్టు గోపనీయం, ప్రజాహితం దృష్ట్యా ఇవ్వడం కుదరదు, ఇక ఉత్తరాలు రాయవద్దు. అప్పుడిక చెప్పక తప్పలేదు.

పిన్ని ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"అయితే మనిసి కాడేటి?"

"కాదు పిన్నీ."

"నీకు ముందే తెలుసేటి?"

తెలుసని ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు.

"మనిసైతే ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడీవోడు. కాళ్లట్టుకుందును."

ఆ సోమవారం పిన్ని ఆఫీసుకు వెళ్లలేదు. వారం తర్వాత కుళాయి దగ్గర ఎవరో పైడిరాజు తాగుడు గురించి నోరు జారారు. అంతకుముందైతే పిన్ని వాళ్లతో పోట్లాటకు దిగేది. ఆమె నీళ్ల ధారకేసి చూస్తూ నెమ్మదిగా అంది:

"తాగీసే ఉంటాడులే. సదుంకున్నోల్లు ఊరికే రాస్తారేటి?"