నలభై దాటొద్దన్న కారు

కార్పొరేషన్ చెత్త లారీని ఏళ్ల తరబడి కలకత్తా సందుల్లో తిప్పుతున్న బైరాగికి, తనంతటి డ్రైవరు హుగ్లీకి ఈ ఒడ్డున గానీ ఆ ఒడ్డున గానీ లేడని గట్టి నమ్మకం. ఆ మాట ఇంకెవరూ అనకపోవడంతో తనే అనుకునేవాడు.

నది అవతల సంత్రాగాఛిలో ఉండే భవతోష్ బాబుకి తాతల నాటి విలాయతీ కారొకటి ఉంది. రంగు వేయించడానికి దాన్ని షెడ్డుకి తీసుకెళ్లమని ఒక ఆదివారం బైరాగికి అప్పగించాడు. బైరాగి తన భార్య అమ్మన్నమ్మని కూడా ఎక్కించుకున్నాడు. గొప్పతనానికి ఒక సాక్షి ఉండాలి కదా!

"నలభై దాటించకు. బ్రేకులు ముసలివి," అన్నాడు బాబు.

బైరాగి వినయంగా తలూపి, లోపల నవ్వుకున్నాడు.

కోనా రోడ్డెక్కగానే, కలకత్తా మైదానంలో సభకి ఎర్రజెండాలతో పోతున్న లారీ ఒకటి వాళ్లని దాటింది. "దాదా, తొయ్యమంటారా?" అని పైనున్నవాళ్లు బెంగాలీలో అరిచి విరగబడి నవ్వారు.

బైరాగికి రోషం పొడుచుకొచ్చింది. యాక్సిలరేటరు అడుగంటేదాకా తొక్కాడు.

"ఏటయ్యా, నీకేటైనా పూనిందా? నెమ్మదిగా పోనీ!"

"నువ్వూరుకోయే! బండెలా తేలిపోతందో సూడు!"

అరవై దగ్గర స్టీరింగు గజగజా వణికింది. ఆ కారు తలుపులు వెనక్కి తెరుచుకునే రకం. గడియ జారిందో లేదో, గాలి అమ్మన్నమ్మ వైపు తలుపుని ఫెళ్లున లాగేసింది. ఆ కాలపు కారుకి బెల్టెక్కడిది? బైరాగి ఎడంచేత్తో ఆమె జబ్బ దొరకబుచ్చుకుని, బ్రేకు మీద దాదాపు నిలుచున్నాడు. నాలుగు చక్రాల్లో ఒక్కటే మాట విన్నది. కారు గిర్రున తిరిగి, గట్టు దిగి, గుర్రపుడెక్క నిండిన చెరువులో ముక్కు దూర్చి ఆగింది.

అమ్మన్నమ్మ మోచెయ్యి చీరుకుపోయింది. మనిషి దక్కింది.

"ఇప్పుడు సెప్పు, ఎలా తేలిపోతందో," అంది మోచేతికి కొంగు చుట్టుకుంటూ.

బైరాగికి అప్పుడు తట్టింది. ఇన్నేళ్లూ లారీ క్షేమంగా తిరిగింది తన పనితనం వల్ల కాదు. ఊళ్లో ట్రాఫిక్కు తనని ముప్పై దాటనివ్వకపోవడం వల్ల.

కబురందిన భవతోష్ బాబు రిక్షాలో వచ్చి, కారు కంటే ముందు ఆమె మోచెయ్యి చూశాడు. తిట్టినా బాగుండేది, బైరాగి సిగ్గుతో చచ్చిపోయాడు.

కారుని ఒడ్డుకి లాగి, ఓ లారీకి తాడేసి కట్టారు. అమ్మన్నమ్మ మళ్లీ ఎక్కనంది. లోకల్ రైలుకని నడిచి వెళ్లిపోయింది. స్టీరింగు పట్టుకోవడానికి బైరాగే కూర్చోవలసి వచ్చింది. మోకాళ్లదాకా బురద, నత్తనడక. అంత పాత కారు చూసి ఎవరో పెద్దమనిషనుకుని, దారిన పోయే ముసలాయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

బైరాగి తిరిగి పెట్టలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద నుంచి తియ్యడానికి ధైర్యం చాల్లేదు.