పద్మ వాకిట్లో పదిమంది

2023. దసరా వెళ్ళిపోయి, జివతి గుట్టల మీద పత్తి తెల్లగా పగులుతున్న రోజులు. నేను అప్పటికి మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక ధర్మసంస్థకు ఫీల్డ్ ఆఫీసర్‌గా పద్దెనిమిదేళ్ళు అరిగిపోయి ఉన్నాను. ఎదిగే ఆడపిల్లల కోసం పనిచేసే బృందాలకు మా సంస్థ గ్రాంట్ ఇస్తుంది. అంటే తిరిగి కట్టనక్కర్లేని డబ్బు. అడిగినవాళ్ళు నిజంగా ఉన్నారా, చెప్పిన పని నిజంగా చేస్తున్నారా అని వెళ్ళి చూసి రావడాన్ని మా భాషలో డ్యూ డిలిజెన్స్ అంటారు. పెళ్ళిచూపులకు వెళ్ళిన పెద్దమనిషి ఉద్యోగమే అనుకోండి. పెట్టింది తినాలి, గోడలు చూడాలి, కబురు చేస్తామని లేవాలి. ఈ పద్దెనిమిదేళ్ళలో నేను తిన్న పోహా, అదే అటుకుల ఉప్మా, పరిస్తే రాజురా నుంచి గోండ్‌పిప్రి దాకా రోడ్డు అవుతుంది.

ఆ వారం వచ్చిన దరఖాస్తు గుట్ట మీది ఊరి మహిళా సంఘం పేరున ఉంది, కానీ అడిగింది పదకొండుమంది ఆడపిల్లలు. అందరూ తొమ్మిదో తరగతి. బడి ఘాట్ రోడ్డు దిగితే కింద ఉంది. దారి అడవిలోంచి. వాళ్ళకు కావాల్సింది తమతో రోజూ నడిచే ఒక పెద్దామెకు జీతం, కొన్ని టార్చిలైట్లు, రెయిన్‌కోట్లు. చలికాలం వస్తే పొద్దు తొందరగా గుంకుతుంది. అందుకని ఇళ్ళల్లో పెద్దలు ఒక్కమాట మీద నిలబడ్డారు. దీపావళిలోపు పెద్దమనిషి తోడు దొరికితే సరి, లేకుంటే పదకొండుమందికీ బడి బంద్.

“ఇప్పటిదాకా మీరేం చేశారు?” అనే ప్రశ్నకు వాళ్ళు ఒక నోట్‌బుక్ పేజీల ఫొటోలు పంపారు. గ్రాంట్లు ఖరారు చేసే మా కమిటీలో ఇద్దరు. హైదరాబాద్ మేడం చూసి “ఇది తెలుగు కాదు” అని రాసింది. పుణె సార్ చూసి “అక్షరాలు మరాఠీవే, ఒక్క ముక్క అర్థం కాలేదు” అని రాశాడు. ఇద్దరూ కలిసి “ఆధారం చదవడానికి వీల్లేదు” అని తేల్చారు. ఆ ఫొటోలు తెరవకుండానే కింద నేను సంతకం పెట్టాను. ఒక చేత్తో చాయ్ తాగుతూ ఇంకో చేత్తో సంతకం పెట్టడంలో నన్ను మించినవాడు విదర్భలో లేడు. ఇక మిగిలింది ఒకసారి ఊరికి వెళ్ళి వచ్చి, దరఖాస్తును గౌరవంగా తిరస్కరించడమే.

తెల్లారకముందే బయల్దేరాను. దారిలో పులి కనపడిందంటే ఎవరూ నమ్మడం లేదని ఈమధ్య రెండు కనపడ్డాయని చెబుతున్నాను. గుట్ట మీద అన్నిటికన్నా పైనున్న ఇంటి ముందు సుగుణ నిలబడి ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. మడిచిన గొడుగంత సన్నం.

“కాకా, మాతోని నడుస్తవా, జీపుల వస్తవా?”

“నడుస్తా బిడ్డా.”

“ఏం లే, పొట్ట చూసి అడిగిన.”

నడిచాం. ఒక్కో ఇంటి ముందు ఆగడం, పిలవడం, ఆ ఇంటి పిల్ల వచ్చి కలవడం. అలా పదిమంది అయ్యారు. ఆఖరి ఇల్లు పద్మది. పద్మ బయటికి రాలేదు. వాళ్ళ నాయన మల్లయ్య వాకిట్లో పత్తి సంచులు మడతపెడుతున్నాడు.

“పద్మ రాదు. పత్తి ఏరేది ఉంది. కూలోళ్ళు దొరుకుతలేరు,” అన్నాడు.

ఎవరూ ఎదురు చెప్పలేదు. బతిమాలలేదు. పదిమందీ సంచులు దించి వాకిట్లోనే బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. పుస్తకాలు తీసి చదువుకోవడం మొదలుపెట్టారు. నాకు తలకెక్కలేదు.

“ఏంది, బడికి పోరా?” అన్నాను.

“పోతం కాకా. పద్మ వచ్చినంక,” అంది సుగుణ.

“రాకపోతే?”

“గిక్కడనే ఉంటం. ఎవరు రాకున్నా గంతే. పోతే అందరం, లేకుంటే ఎవ్వరం పోం.”

మల్లయ్య భార్య లచ్చుబాయి నవ్వు దాచుకుంటూ చాయ్ పెట్టింది. ఇంట్లో ఉన్నవి నాలుగు గ్లాసులు. చాయ్ మూడు విడతలుగా సాగింది. వాటిలో రెండు విడతల్లో నేనూ తాగాను.

“చూస్తున్నవా సార్, పెండ్లివాళ్ళు దిగినట్టు దిగిన్రు. నేను చేనుకెట్ల పోవాలె?” అన్నాడు మల్లయ్య.

“నువ్వు పో మామా. మేం నీకోసం రాలే,” అంటూ సుగుణ సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. “కారణం ఏం రాయాలె?”

“ఏం రాయకు.”

“రాయకుంటే ఎట్ల? తారీఖు రాసిన, పేరు రాసిన.”

“పోయినసారి ఏం రాసినవ్?”

సుగుణ పేజీ తిప్పి చదివింది. “పద్మ రాలే. మల్లు మామకు కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో ఆయనకే తెల్వదు.”

మల్లయ్య నా వైపు చూశాడు. “గీ సారు గివన్నీ చదువుతడా?”

“గందుకే వచ్చిండు.”

ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. “పో పద్మా, పో. గీ పోరిలతోని నా ఇజ్జత్ పోతుంది.”

పద్మ తలుపు వెనకనుంచి వచ్చింది. రెండు జడలు, రిబ్బన్లు, భుజాన సంచీ. ఎప్పట్నుంచి అలా తయారై నిలబడిందో.

ఘాట్ దిగుతూ నోట్‌బుక్ అడిగి తీసుకున్నాను. అక్షరాలు మరాఠీవి. మాటలు మన తెలుగువి. మా దగ్గర ఇందులో వింతేమీ లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో మరాఠీ అక్షరాలు నేర్చుకుంటాం. నా భార్య సరుకుల చిట్టీ రాసేది కూడా ఇలాగే. మా సంస్థ మొత్తంలో ఆ ఫొటోలు చదవగలిగినవాడిని నేనొక్కడినే. తెరవనివాడినీ నేనే. చల్లటి పొద్దున, దిగుడు దారిలో, నాకు పట్టిన చెమటకు వాగు పొంగాల్సింది.

మర్నాడు కమిటీ వీడియో కాల్‌లో కూర్చుంది. నోట్‌బుక్ ఫొటోలు తెర మీద పెట్టాను. “సార్, మీకు అర్థం కాకున్నా పైకి చదవండి. మేడం, మీరు వినండి,” అన్నాను. తర్వాత, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, నోరు మూసుకున్నాను.

పుణె సార్ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

“వాన. వాగు పొంగింది. చేతులు పట్టుకొని దాటినం. సుగుణ చెప్పు పోయింది. అందరం ఉన్నం.”

మేడం తల ఎత్తింది.

“సీత రాలే. అమ్మకు జరం. అందరం నీళ్ళు మోసి, వంట చేసి పెట్టినం. లేటయింది. గాని పోయినం.”

“తొవ్వల పులి అడుగులు. పాటలు పాడుకుంట పోయినం. పద్మకు పాటలు రావు. ఎక్కాలు గట్టిగ చదివింది.”

“నేను ఏం చదివాను?” అని సార్ హిందీలో అడిగాడు. మేడం కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. వాక్యం వెనక వాక్యం హిందీలో చెప్పింది. అది విని ఆయన “ఇంకో పేజీ పెట్టండి” అన్నాడు. జూన్ నుంచి రాసిన నోట్‌బుక్ అది. అది పూర్తయ్యేదాకా ఒకరు చదువుతూనే ఉన్నారు, ఒకరు చెబుతూనే ఉన్నారు.

గ్రాంట్ అక్కడికక్కడే మంజూరైంది. మేడంకు అది చాలలేదు. ఏకంగా వ్యాను పెట్టిద్దామంది. హెడ్‌మాస్టర్ ఫోన్‌లో సుగుణను పట్టుకుని ఆ మాట చెప్పాను. లైన్లో మేడం కూడా ఉంది.

“వ్యాను వద్దు మేడం,” అంది సుగుణ. “గది ఇంటి ముందర హారన్ కొడ్తది. పిల్ల రాకుంటే ఇడిసిపెట్టి పోతది. మేం పోం.”

దీపావళికి నాలుగు రోజుల ముందు తోడు నడిచే మనిషిని పిల్లలే ఎంచుకున్నారు. లచ్చుబాయిని. ఎందుకని అడిగితే, “ఆమె రోజూ మాతోని వస్తుంటే పద్మను ఇంట్ల ఎవరు ఆపుతరు?” అంది సుగుణ. 2025లో పదకొండుమందీ పదో తరగతి పరీక్ష రాశారు.

ఆ కేసు తర్వాత వచ్చిన ప్రతి ఫొటో తెరుస్తున్నాను, తలకిందులుగా ఉన్నా సరే. మా రిపోర్టుల్లో “పిల్లలకు మనం ఏం ఇచ్చాం” అనే గడి ఒకటుంటుంది. టార్చిలైట్లు, రెయిన్‌కోట్లు, ఒకామె జీతం అని రాస్తాను. దాని కింద “సాధికారత” అని ఇంకో గడి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళు అందులో పేజీలకు పేజీలు కోతలు కోశాను. ఇప్పుడు ఖాళీగా వదిలేస్తున్నాను. పైనుంచి ఫోన్ చేసి ఎందుకు రాయలేదని అడుగుతారు. అది మనం వెళ్ళకముందే వాళ్ళ దగ్గర ఉందని చెబుతాను.