కొరికే పిల్ల, మా అమ్మమ్మ

మా అమ్మమ్మ ఇరవై రెండేళ్లుగా నర్సరీ బడిలో ఆయా. మూడు నాలుగేళ్ల పిల్లలంటే పాలబుగ్గలు, ముద్దుమాటలు అనుకునేవాళ్లు ఒక్క పూట ఆ గదిలో కూర్చోవాలి. చెక్క దిమ్మ తగిలి నుదురు చిట్లుతుంది. పిడికెడు జుట్టు ఊడివస్తుంది. ముక్కులోంచి రక్తం గౌను మీద కారుతుంది. అమ్మమ్మ చేతుల మీద పంటి గాట్లు చూసి, పులుల బోనులో పనా అని నేనడిగితే, "పులులైతే కడుపు నిండాక పడుకుంటాయిరా" అంటుంది.

ఆవిడ పద్ధతి ఒకటే. కొట్టినవాళ్లను తిట్టదు, మూల నిలబెట్టదు. చేతికి తడిగుడ్డ ఇచ్చి, దెబ్బ తిన్నవాళ్ల పక్కన కూర్చోబెడుతుంది. ఏడుపు ఆగేదాకా అది ఒత్తి పట్టుకోవాలి. తర్వాత, కొట్టేముందు ఏమనిపించిందో చెప్పాలి. "కోపం వచ్చింది" అంటే చాలదు, ఎక్కడ వచ్చిందో చూపించాలి. ఒకడు పొట్ట చూపిస్తాడు, ఒకతె చెవులు.

కిందటేడు నాలుగేళ్ల పిల్ల ఒకతె చేరింది. పిల్లలు దానికి పటకారు అని పేరు పెట్టారు. నోట్లో వేలు పెడితే కొరకలేనివాళ్లు ఉంటారంటారు. ఇది మాత్రం వేళ్లను వెతుక్కుంటూ వచ్చే రకం. నెలలో ఏడుగురిని కొరికింది. ఏడోవాడి చెవికి కుట్లు పడ్డాయి.

"ఇంకొక్కసారి కొరికితే పంపించేస్తాను. నీ తడిగుడ్డలు చాలు ఆయమ్మా," అని పెద్ద టీచరు తేల్చేసింది.

కబురందుకుని ఆ సాయంత్రం పిల్ల తండ్రి వచ్చాడు. గేటు దగ్గరే బెల్టు తీశాడు. రెండు దెబ్బలకి పిల్ల కాళ్ల మీద చర్మం లేచింది. అది ఏడవలేదు, పళ్లు బిగించింది. అడ్డం వెళ్లిన అమ్మమ్మ దవడ మీద మూడోది పడింది. నాలుగోదానికి అతను చెయ్యెత్తాడు. పళ్లున్నది తిండి తినడానికేనని ఇరవై రెండేళ్లు పిల్లలకి చెప్పిన మా అమ్మమ్మ, ఆ మణికట్టు పట్టుకుని కొరికింది. ఉన్నవి పదకొండు పళ్లే గానీ బాగానే దిగాయి. బెల్టు కింద పడింది.

పిల్లలంతా చూస్తున్నారు. పద్ధతి పద్ధతే. మూతి తుడుచుకుని, తడిగుడ్డ తెచ్చి అతని చేతికి ఒత్తింది.

"నాకు భయమేసింది బాబూ, ఇక్కడ," అని గొంతు చూపించింది. "నీకెక్కడ?"

అతను మొహం తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు.

బెల్టు పెద్ద టీచరు బీరువాలోకి వెళ్లింది. మర్నాటి నుంచి పిల్లని తల్లే దింపింది.

"ఇప్పుడు నిన్నేం చెయ్యమంటావ్?" అంది పెద్ద టీచరు.

"నెలాఖరు దాకా చూడండమ్మా. మా ఇద్దరిలో ఎవరు కొరికినా ఇద్దరం పోతాం."

మూడోవారం అమ్మమ్మ ఎవరికో కాళ్లు కడుగుతుంటే, పటకారు పరుగెత్తుకొచ్చింది. దవడ వణుకుతోంది.

"ఆయమ్మా, పళ్లలోకి వస్తోంది."

అమ్మమ్మ సబ్బు చేతులతోనే దాన్ని ఎత్తుకుని, కొట్టుగది తలుపు ముందు దించింది. అది తలుపుని తన్నింది, గుద్దింది, అరిచింది. చివరికి గడియ ఊడి కిందపడింది. ఎవరి ఒంటి మీదా గాటు లేదు.

పెద్ద టీచరు వచ్చి గడియ చూసింది, పిల్లని చూసింది. వడ్రంగికి కబురు పెట్టింది.