ప్రతి పొక్కూ అదే అనిపించిన వేసవి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బడిలో నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలకీ, ఇంట్లో అమ్మకీ ఈ సంగతి బాగా తెలుసు. నన్ను ఇష్టపడుతున్న ఆయనకూ తెలుసు కాబట్టే కాబోలు, చెప్పాల్సిన మాట గోదావరి మధ్యలో చెప్పారు. ఒక ఆదివారం నరసాపురం రేవులో పంటు పడవ ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్తున్నాం. చుట్టూ మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, ఇంజను హోరు. ఆ హోరులో నా వైపు వంగి, తనకు హెర్పీస్ ఉందన్నారు. అప్పుడప్పుడూ మర్మస్థానంలో నీటి పొక్కులు లేచి, మండి, తగ్గిపోతాయట. వైరస్ మాత్రం ఒంట్లోనే ఉండిపోతుందట.

"ఇక్కడా చెప్పడం? కోపమొచ్చి దిగిపోదామన్నా దారి లేదు," అన్నాను.

"ఒడ్డునే చెబుదామనుకున్నానండి. నోరు పెగల్లేదు. ఇంకా ఆలస్యమైతే మోసం చేసినట్టవుద్దని..."

అప్పటికి మేం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నది కూడా లేదు. ఆయన నిడదవోలు రైల్వే ఆఫీసులో పనిచేస్తారు. మా చర్చి పాటల బృందంలో పరిచయం. నాకు ఒకసారి పెళ్ళయి, విడాకులైపోయాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆయనకు ఒకామెతో స్నేహం ఉండేది. ఆమె తన జబ్బు సంగతి చెప్పలేదు. ఒంటి మీద పొక్కులు లేచాకే ఆయనకు తెలిసింది.

కొన్నాళ్ళు నేను మాట్లాడలేదు. ఇంటర్నెట్టు నిండా వెతికి, భయపడి, తిట్టుకుని, చివరికి నేనే ఫోన్ చేశాను. మేమిద్దరం ముప్పై దాటినవాళ్ళం. నెమ్మదిగా దగ్గరయ్యాం. అంతకు మించి రాయను. ఆయన రోజూ మాత్ర వేసుకునేవారు, ఇతర జాగ్రత్తలూ తీసుకునేవారు. ఒంట్లో కాస్త చురుకుమన్నా, "ఈ వారం దూరంగా ఉంటానండి," అని తనే ముందు చెప్పేవారు. ఇంతకంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

కానీ నా మనసు నా మాట వింటేనా? అనుమానం పెనుభూతం అన్నారు. దోమ కుట్టిన దద్దురు చూసినా గుండె జారిపోయేది. వెంట్రుక లోపలికి తిరిగి లేచిన చిన్న కురుపుని అద్దం పెట్టుకుని పదేపదే చూసుకునేదాన్ని. ఫోనులో ఫొటోలు పెద్దవి చేసి చూస్తే లోకంలో ఉన్న పొక్కులన్నీ ఒకేలా కనిపించేవి. అమ్మ తలుపు తట్టి, "ఏంటే, స్నానాల గదిలోనే కాపురం పెట్టావా?" అనేది.

ఆ మార్చిలో ఆయన పెళ్ళి చేసుకుందామా అని అడిగారు. ఆలోచించి చెబుతానన్నాను. నిజానికి ఆలోచించడానికేమీ లేదు, మనిషి నాకు నచ్చాడు. నా భయమల్లా ఒక్కటే. ఆ జబ్బు నాకూ వస్తే, ఆయన్ని జీవితాంతం దెప్పకుండా ఉండగలనా? నా నోరు నాకు తెలుసు కదా.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆరోజు మా చర్చిలో ఆడవాళ్ళందరం తెల్లచీరలే కడతాం. మధ్యాహ్నం మండుటెండలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానానికి మూడు గంటలసేపు కూర్చోవాలి. చీర పెళపెళలాడకపోతే అమ్మకు నామోషీ. చిక్కటి గంజి కాచి, నా చీరతో పాటు పొరపాటున లంగా కూడా అందులో ముంచి ఆరేసింది. అది అట్టముక్కలా అయింది. ఆ పూట గొడవెందుకని అలాగే కట్టుకున్నాను. మధ్యలో కరెంటు పోయింది. చెమట కారుతోంది, లంగా ఒరుసుకుంటోంది. ఏడు మాటల్లో "దప్పిగొనుచున్నాను" ఒక్కటే ఆరోజు నా మనసుకెక్కింది.

ఇంటికొచ్చి చూసుకుంటే నడుము దగ్గర్నుంచి గజ్జల దాకా ఎర్రటి పొక్కులు, గుంపులు గుంపులుగా. ఒకటే మంట. వచ్చేసింది, ఇక అయిపోయింది అనుకున్నాను.

మర్నాడు ఆయనా నేనూ రాజమండ్రి వెళ్ళాం. మా ఊళ్ళో చర్మం డాక్టరుకు చూపిస్తే సాయంత్రానికి చర్చి అంతా ప్రార్థన మొదలుపెడుతుంది. రైల్లో ఆయన ఒక్క మాటే అన్నారు. "మీ అమ్మగారికి చెప్పాల్సి వస్తే నేనే చెప్తానండి. తిట్లన్నీ నాకే పడనివ్వండి." నేను కిటికీ వైపు తిరిగాను. ఏడుపొస్తుందని భయం.

డాక్టరమ్మ పెద్దావిడ. ఆయన్ని బయటే కూర్చోబెట్టి నేను లోపలికెళ్ళి, భయమంతా చెప్పి, చూపించాను. లైటు వేసి నిదానంగా చూసింది.

"గంజి బట్ట కట్టావా?"

"అవునండి."

"ఇవి చెమటకాయలమ్మా. ఒరిపిడికి చర్మం కందిపోయింది. హెర్పీస్ కాదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మందు రాస్తూ, "ఆయనకుందని నీకెలా తెలిసింది?" అని అడిగింది.

"ఆయనే చెప్పారండి. ఏమీ జరగకముందే."

ఆవిడ తలెత్తి నన్ను చూసి, "ఆయన్ని లోపలికి రమ్మను," అంది.

లోపలికి పిలిచేసరికి ఆయన ఇంకేదో అనుకున్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆవిడకి వచ్చేసిందాండీ?" అన్నారు.

"రాలేదు బాబూ. కూర్చో. నువ్వు ముందే చెప్పావంట కదా. ఈ కుర్చీలో కూర్చున్న ఆడవాళ్ళకి వాళ్ళ మొగుడికున్న జబ్బు గురించి చాలాసార్లు నేనే చెప్పాల్సి వచ్చింది. ముందే తెలుసుకుని వచ్చినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు."

ఆయన కూర్చుని, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశారు. ఇన్నాళ్ళూ నా ఒంటిమీది ప్రతి పొక్కుకూ నాతోపాటే భయపడ్డారని, ఆ భయాన్ని నాకు కనబడనివ్వలేదని అప్పుడు తెలిసింది. నాకోసం ఇంత భయం పెట్టుకున్న మనిషి ఇంకొకరు లేరు.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "చూడమ్మా, ఉన్నమాట చెప్పాలి. మాత్ర వేసుకున్నా, జాగ్రత్తపడ్డా, ఏదో ఒకనాడు నిజంగానే నీకూ రావచ్చు. ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు గాని, వస్తే పోదు. అప్పుడేం చేస్తావు?"

ఆయన తలెత్తలేదు. జవాబు చెప్పాల్సింది నేనే.

"ఇద్దరం కలిసి మళ్ళీ మీ దగ్గరికే వస్తామండి," అన్నాను. "అప్పటికి ఈయన మా ఆయన అయి ఉంటారు."